ఏడింటికే నిద్ర

మా చిన్న డాక్టరుగారికి అరవై దాటాయి. పెద్ద డాక్టరు వాళ్ల నాన్నగారు పోయి ఎన్నాళ్లయినా ఈ రేవు ఊళ్లో ఆయన ఇంకా చిన్న డాక్టరే. నిద్ర పట్టదని వచ్చినవాళ్లు “ఎప్పుడూ ఇచ్చేవే” అంటారు, ఆయన అవే నిద్రమాత్రలు రాసేస్తారు. పక్కనే నర్సుగా నిలబడి చూసి చూసి నాకు విసుగొచ్చేసింది.

ఆ పొద్దున తొమెకో మామ్మ వాచిన మణికట్టుతో వచ్చింది. మాత్ర మత్తులో రాత్రి లేచి, గుమ్మం మెట్టు దగ్గర పడిందట. ఇంకోసారి పడి తుంటి విరిగితే ఇక మంచమే గతి. డాక్టరుగారు మాత్ర సగం చేస్తానన్నారు. మామ్మ ససేమిరా అంది. కుర్చీలో కుదురుగా కూచోకుండా, చేతిసంచీ తెరుస్తూ మూస్తూ, రెండింటికే మెలకువ వస్తోంది, ఇంకా గట్టి మాత్ర ఇమ్మని పట్టుబట్టింది.

ఇన్నేళ్లలో అడగనిది ఆయన అప్పుడడిగారు, ఎన్నింటికి పడుకుంటారని. ఏడింటికట.

“ఏడింటికి కోళ్లు పడుకుంటాయి మామ్మగారూ,” అన్నాను ఉండబట్టలేక. ఏడు నుంచి రెండు దాకా అంటే మీ వయసుకి నిండు నిద్రేనన్నారు డాక్టరుగారు.

మామ్మ తల వంచుకుంది. కొడుకు ఓడ మీద ఉంటాడు. కోడలు సనాఎ చేపల ఫ్యాక్టరీలో పగలంతా నిలబడి వస్తుంది.

“నేనెదురుగా ఉంటే మర్యాదకని మోకాళ్లు మడుచుకునే కూచుంటుంది. నేను పడుకుంటే గానీ ఆ పిల్ల కాళ్లు చాపుకోదు. మాత్ర లేకుండా ఏడింటికి నిద్రెలా వస్తుంది బాబూ?”

నా మనసు చివుక్కుమంది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలీదు. ఇవాళ సెలవు పెట్టి తీసుకొచ్చి, బయట కారులో ఉన్న కోడల్ని పిలవమన్నారు డాక్టరుగారు. మామ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

“వద్దమ్మా. తెలిస్తే నన్ను మేలుకోమని, తనూ పది దాకా అలాగే కూచుంటుంది.”

తుంటి విరిగితే ఎవరు చూస్తారని కసిరి, వెళ్లి పిలుచుకొచ్చాను.

డాక్టరుగారు చెప్పిందంతా సనాఎ నిలబడే వింది. మామ్మ నేల చూపులు చూస్తోంది.

“అత్తయ్యా,” అంది సనాఎ. “మీరు లేస్తారేమోనని నేను రోజూ టీవీ సౌండు తీసేసి చూస్తున్నాను. ఆ సీరియల్లో వాళ్లేం మాట్లాడుకుంటారో నాకు ఇప్పటికీ తెలీదు.”