గేటు దాటించిన ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. కొయ్య పిడి, గుండ్రటి మొహం, దాని మీద తిరగేసి చెక్కిన రెండు మాటలు: ‘గేటు దాటవచ్చు’. గుంటూరులో ఒక చిన్న దుకాణంలో పుట్టాను. నన్ను చేసినతను చిత్తుకాగితం మీద ఒకసారి ఒత్తి చూసి, అక్షరాలు ముత్యాల్లా పడ్డాయన్నాడు. ఆ మాటతో నాకు పొగరెక్కింది.

ఊరి బయట ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు నన్ను కొనుక్కున్నారు. రైతులూ వ్యాపారులూ దాచుకున్న మిర్చి బస్తాలు బయటికి పోవాలంటే గేటు చీటీ మీద నేను పడాలి. నన్ను పట్టుకునే మనిషి గేటు గుమస్తా నాంచారయ్య. పద్నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మిరపకాయ కూడా ఇంటికి తీసుకెళ్లినవాడు కాదు.

సీజన్లో గేటు ముందు లారీలు బారులు తీరేవి. “ఏంది బాబాయ్, ఒక్క ముద్దరకి ఇంతసేపా? ఎండకి మాడిపోతన్నాం,” అని డ్రైవర్లు కిటికీ దగ్గర సణిగేవాళ్లు. నాంచారయ్యది మెత్తటి మనసు. అందుకని పొద్దున్నే రాగానే యాభై ఖాళీ చీటీల మీద నన్ను టపటపా కొట్టి, సొరుగులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. లారీ వచ్చినప్పుడు వివరాలు రాసిస్తే సరిపోయేది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఏమీ రాయని కాగితం మీద దేనికి ఒప్పుకుంటున్నానో ఒక్కరోజూ ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం నాంచారయ్య భోజనానికి వెళ్లినప్పుడు గోడౌన్ సూపర్‌వైజరు మస్తాన్‌రావు సొరుగు తెరిచి నాలుగు చీటీలు తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ వారంలోనే, అదే భోజనాల వేళ, ఒక కారం మిల్లు వాళ్లు దాచుకున్న సరుకు వాళ్లకు తెలియకుండానే నాలుగు లారీల్లో వెళ్లిపోయింది. చీటీ మీద నన్ను చూడగానే వాచ్‌మన్ సలాం కొట్టి మరీ గేటు తీశాడు.

పోలీసులొచ్చారు. మస్తాన్‌రావు మొదటి ముద్దాయి, నాంచారయ్య రెండో ముద్దాయి. నన్ను గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి కోర్టుకు పంపారు. నాంచారయ్య జైలుకు పోతాడో, ఇంటికి పోతాడో తేలాల్సింది అక్కడే. అతని మీద పెట్టింది నమ్మకద్రోహం కేసు.

జడ్జిగారు తీర్పు నిదానంగా చదివారు. చెయ్యి చేసిన పని ఒక్కటే ఈ నేరానికి చాలదట, వెనక దురుద్దేశం కూడా ఉండాలట. ఖాళీ చీటీల మీద ముద్ర వేయడం అజాగ్రత్తే గాని, దొంగతో చేతులు కలపడం కాదట. మస్తాన్‌రావుకు మూడేళ్లు. నాంచారయ్య నిర్దోషి. అప్పీలు గడువు ముగిశాక నన్ను ధ్వంసం చేయాలి.

కోల్డ్ స్టోరేజీ యజమాని వీరాంజనేయులు గారు అక్కడికక్కడే నాంచారయ్య భుజం తట్టారు.

“నీ తప్పేం లేదని కోర్టే చెప్పింది గదయ్యా. రేపట్నుంచి డ్యూటీకి రా.”

నాంచారయ్య బల్ల మీదున్న నన్ను చూస్తూ అన్నాడు. “దొంగతనం చెయ్యలేదని చెప్పిందండి. తప్పు చెయ్యలేదని చెప్పలా. గేటు పని మాత్రం నాకు ఇవ్వమాకండి.”

అప్పటిదాకా నాకూ ఒక ఊరట ఉండేది. మనసే లేనిదాన్ని, నాకు దురుద్దేశం ఎక్కణ్నుంచి వస్తుందని. నిర్దోషి అంత మాట అన్నాక ఆ ఊరట పోయింది. గడువు ఇంకా పదకొండు రోజులుంది. ఎవరూ అప్పీలుకు పోకూడదనే, నా శిక్ష ఆగకూడదనే కోరుకుంటున్నాను.