ఖాజాగూడ మేఘం

మేఘాల్లో మునిగి ఉండే దక్షిణాది కొండ అడవుల్లో ఎనిమిదేళ్లు జలగలను మేపాను. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే నాకు 1968 నుంచి వేసవి సెలవులు, దసరా సెలవులు అక్కడే గడిచాయి. మా ఆవిడ పుణ్యవతి అయితే "మీరు అడవిని పెళ్లాడి నన్ను చుట్టంగా తెచ్చుకున్నారండీ" అనేది. అక్కడి చెట్లు పొట్టివి, ఒళ్లంతా నాచు. వాన పడని రోజుల్లో అవి మేఘాన్నే పిండుకుని తాగుతాయని నా వాదం. రుజువు కోసం ఒక పరికరం చేయించాను. పైన ఇనుప జల్లెడ చుట్ట, కింద గరాటు, దాని కింద ఇత్తడి చెంబు. కొండ మీద తెల్లారేసరికి చెంబు నిండేది.

అయినా శాస్త్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. మేఘం రాని చోట అదే పరికరం సున్నా చూపించాలి. అప్పుడే కొండ లెక్కకు విలువ. హైదరాబాదు చుట్టుపక్కల సున్నా కావాలంటే ఖాజాగూడను మించిన ఊరు లేదు. ఎటు చూసినా బండలే. వేసవిలో అక్కడ కాకి కూడా నీడ కోసం బతిమాలుకోవాలి.

1976 ఏప్రిల్‌లో, రాళ్లు కొట్టే పెంటయ్య వాకిట్లో ఉన్న బండ మీద పరికరం నిలబెట్టాను. అతనికి అంకెలు రాయడం వచ్చు. రోజూ పొద్దున లేవగానే చెంబులోని నీళ్లను గీతలున్న గాజు గొట్టంలో పోసి, కొలిచి, పుస్తకంలో రాయాలి. "ఏమీ లేకపోతే సున్నా రాయి" అని మరీ మరీ చెప్పాను.

రెండు నెలల తర్వాత పుస్తకం తెరిస్తే ఒక్క సున్నా లేదు. రోజూ నీళ్లే, ఇంచుమించు ఒకే కొలత. రోహిణి కార్తెలో కూడా!

"ఉన్నయి గాబట్టే రాసిన సారూ" అన్నాడు పెంటయ్య. అబద్ధమాడే మనిషి కాదు.

పరికరమే తప్పయితే నా ఎనిమిదేళ్ల పని గంగలో కలిసినట్టే. రీడరు పదవికి ఇంటర్వ్యూ చూస్తే నెత్తిమీద ఉంది. మా శాఖాధిపతి పట్టాభిరామయ్య గారు మాత్రం పుస్తకం చూసి కుర్చీలోంచి లేచారు.

"తప్పెందుకవుతుందండీ? మన బండలు కూడా గాలిలో తేమ పిండుతున్నాయన్నమాట! ఆ కొండల గొడవ ఎవరిక్కావాలి? ఇది రాయండి."

రోజూ ఒకే కొలత వస్తే శాస్త్రజ్ఞుడికి అనుమానం రావాలి. నాకు సిద్ధాంతం వచ్చింది. కొండ అడవి నీళ్లలో విశేషమేమీ లేదనీ, ఏ బండయినా ఆ పని చేస్తుందనీ నా చేత్తో నేనే రాసుకున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ నాకు పనికొచ్చింది పెరటి బండే. కొండల మీద రాసిన వ్యాసాలకు ఒక్క ఉత్తరం రాలేదు, దీనికి శాస్త్రజ్ఞుల సభలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పదవి వచ్చింది. ఖాజాగూడలోనే పరిశోధన కేంద్రం పెడతారట, దానికి నేనే అధికారిని.

ఉత్తర్వు జేబులో పెట్టుకుని, లడ్డూలు కట్టించుకుని పెంటయ్య ఇంటికి వెళ్లాను. అతను పనికి వెళ్లాడు. అతని భార్య నీలమ్మ పొట్లం అందుకుంది.

"మీ బండ నా తలరాత మార్చింది, నీలమ్మా."

"బండదేముంది సారూ, జర నా చెయ్యి గూడ ఉన్నది" అని నవ్వింది. "పొద్దుగాల లేవంగనే ఖాళీ చెంబు మొకం జూసి రాళ్లు కొట్ట పోతే మంచిదా? పోయినేడు పక్కింటి సాయిలు కాలు గిట్లనే ఇరిగింది. అందుకే ఈయన లేవకముందే పుడిసెడు నీళ్లు పోస్తున్న."

"నువ్వు పోయకముందు అందులో ఎంత ఉండేది?"

"ఎండకాలంల ఏముంటది సారూ? దుమ్ము."

అంటే సున్నా. నాకు కావలసిన సున్నా రోజూ అక్కడే ఉంది. కొండ అడవి గురించి నేను చెప్పిందంతా నిజం, ఆ నిజాన్ని కొట్టేసిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నా మొహం చూసి నీలమ్మ పరేషానయింది. "తప్పు జేసిన్నా సారూ? ఇగ పొయ్యొద్దా?"

జేబులో ఉత్తర్వును ఒకసారి తడుముకున్నాను.

"పొయ్యి, నీలమ్మా. పెంటయ్య క్షేమం కంటే ఎక్కువేముంది?" అన్నాను. "రోజూ పోసినన్నే పొయ్యి. ఎక్కువ తక్కువ కానివ్వకు."