ఆ ఒక్క నిమిషంలో బెనౌదా చెప్పిన మాట

పనికిమాలిన మాటలు పుట్టే చోట్లు లోకంలో రెండున్నాయని బెనౌదా నమ్మకం. ఒకటి సెలూన్ కుర్చీ, రెండోది బాక్సింగ్ రింగు మూల. సెలూన్లో మాట్లాడినంతసేపట్లో కనీసం ఒకడి గడ్డమైనా దిగుతుంది. రింగు మూలలో అదీ లేదు. రెండుచోట్లా ముప్పై ఏళ్ళుగా భుజాన తువ్వాలేసుకుని తిరుగుతున్నవాడు కనక ఆ ముక్క అనే హక్కు తనకుందనుకునేవాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అనేవాడు కూడా.

మధ్యాహ్నం దాకా కత్తెర, సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక గ్లవ్స్, ఇదీ అతని రోజు. బాక్సింగ్ క్లబ్బంటే ఒరాన్ ఊరి రేవు వెనక ఒక పాత గిడ్డంగి. ఖైరా పన్నెండేళ్ళప్పుడు అన్నయ్యని పిలుచుకుపోదామని అక్కడికి వచ్చింది. అన్నయ్య ఇంటికి పోయాడు, ఈ పిల్ల ఉండిపోయింది. ఇప్పుడు ఇరవై ఏళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో బెనౌదా ఆమెకి చెప్పిన మాటలన్నీ కలిపితే ఒక సిగరెట్ పెట్టె మీద రాస్తే పట్టేస్తాయి. "చూడు" అనేవాడు. కాసేపాగి "సరిగ్గా చూడు" అనేవాడు. మరీ ఒళ్ళు మండితే, "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అనేవాడు. అంతకు మించి చెప్పడం తన నోటికి అవమానం అన్నట్టుండేది అతని వరస.

ఆ శనివారం మధ్యాహ్నం జాతీయ పోటీల ఫైనల్. ఖైరా బరువు విభాగంలో దేశం జట్టుకి ఒక్క అమ్మాయినే తీసుకుంటారు. గెలిచినమ్మాయి జట్టులోకి, ఓడినమ్మాయి ఇంటికి. మళ్ళీ ఎంపిక నాలుగేళ్ళకి. కిందటిసారి ఒక్క జడ్జి తేడాలో పోయింది. ఇంకో నాలుగేళ్ళు ఆ గిడ్డంగిలో ఇసుక సంచిని కొట్టుకుంటూ కూర్చోమని ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో బెనౌదాకి తెలియదు. అందుకని మూడు రోజులుగా అన్నం సయించలేదు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంతా చేసి ఆ రోజు మూలలో నోరు తెరిచే యోగం అతనికి లేదు. పెద్ద పోటీల్లో బాక్సరుకి సలహా ఇవ్వాలంటే మెడలో కోచ్ కార్డు వేలాడాలి. రాజధానిలో పదిహేను రోజుల కోర్సు, ఆఖర్న ఒక పరీక్ష. "ఆ కార్డు అడ్డం పెడితే దెబ్బ ఆగుతుందా?" అని బెనౌదా వెళ్ళలేదు. దాంతో బాక్సింగ్ లీగువాళ్ళు రెద్వాన్ అనే కార్డుగల మనిషిని పంపారు. బెనౌదా వంతుకి బకెట్, తువ్వాలు మిగిలాయి.

రెద్వాన్‌కి ముప్పై నాలుగేళ్ళు. తెల్లటి ట్రాక్ సూటు. ముక్కు పుట్టినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ముక్కు అంత నిటారుగా ఉన్నవాడు బాక్సింగ్ గురించి మాట్లాడుతుంటే బెనౌదాకి నవ్వాగదు. పోటీకి గంట ముందు, కరంతీకా అనే శనగపిండి అట్టు పెట్టిన రొట్టెని ఒంటినిండా రజను రాల్చుకుంటూ తింటూ, ఆ మనిషి ఆహార నియమాల గురించి ఖైరాకి ఉపన్యాసం ఇచ్చాడు. ఖైరా గోడకేసి చూస్తూ వింది.

"బాబాయ్, మీరు నీళ్ళు, తువ్వాలు చూసుకోండి. మాటల సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు రెద్వాన్, చేతులు దులుపుకుని.

"అలాగే నాయనా. నీ దగ్గర ఉన్నవి అవేగా."

రెద్వాన్‌కి అర్థమైందో లేదో, బెనౌదా భుజం మాత్రం తట్టాడు. ఆ తట్టిన చోట బెనౌదా తువ్వాలుతో తుడుచుకున్నాడు.

ప్రత్యర్థి కాన్‌స్టంటైన్ నుంచి వచ్చిన జజియా. పొడుగు పిల్ల, పొడుగు చేతులు. మొదటి రౌండంతా ఎడమ చెయ్యి చాచి ఖైరాని దూరంగా నిలబెట్టి కొట్టింది. రౌండు జజియాదేనని లెక్కల బోర్డు చూడకుండానే తెలుస్తోంది. గంట కొట్టారు. ఖైరా వచ్చి స్టూలు మీద కూలబడింది. తాళ్ళ లోపలికి ఒక్కడే పోవాలి, ఆ ఒక్కడూ కార్డువాడే. బెనౌదా తాళ్ళ బయట, ఆమె వీపు వెనక నిలబడి మెడ మీద నీళ్ళు పిండాడు, నడుం పట్టీ వదులు చేశాడు.

రెద్వాన్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొదలెట్టాడు. "ఖైరా! నన్ను చూడు! నువ్వు సింహానివి! చేతులు పైకి! దూరంగా ఉండు! లోపలికి దూరిపో! కాళ్ళు, కాళ్ళు కదుపు! తొందరపడకు! మీద పడిపో! ఒరాన్ ఊరు ఊరంతా నీ వెనక నిలబడి ఉంది!"

"ఊరంతా నిలబడితే నేను బకెట్ ఎక్కడ పెట్టుకోను," అని గొణుక్కున్నాడు బెనౌదా. దూరంగా ఉండి లోపలికి దూరడం, తొందరపడకుండా మీద పడటం ఎలాగో ఆ పదిహేను రోజుల కోర్సులో నేర్పి ఉంటారు. ఊపిరి తీసుకోవడానికి దేవుడిచ్చిన ఒక్క నిమిషాన్ని ఈ పెద్దమనిషి నోటితో నింపేశాడు. ఆ పిల్ల నోట్లో పళ్ళ గార్డు లేకపోతే తిట్టేదేమో అనిపించింది.

రెండో రౌండు మొదలైంది. రౌండు నడుస్తున్నంతసేపూ మూలల్లో ఉన్నవాళ్ళు నోరు మెదపకూడదు. మెదిపితే రిఫరీ ఒకసారి హెచ్చరిస్తాడు, రెండోసారి బయటికి గెంటేస్తాడు. బాక్సింగ్ మొత్తంలో బెనౌదాకి నచ్చిన నియమం అదొక్కటే. రింగు కింద కుర్చీలో కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని అనుభవిస్తూ, యథాలాపంగా ఎదుటి మూలకేసి చూశాడు.

అక్కడ జజియా కోచ్ లావుపాటి మనిషి. నోరు గట్టిగా మూసుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు. చూస్తుండగానే దాన్ని ఎడమ భుజం నుంచి తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు. పావు నిమిషానికి మళ్ళీ ఎడమకి. తరవాత మెడ చుట్టూ. ఒక్కసారి కూడా మొహం తుడుచుకోలేదు.

ముప్పై ఏళ్ళుగా తువ్వాళ్ళతో బతికినవాడి ముందా ఈ వేషాలు! బెనౌదా ముందుకి వంగాడు. పొడి తువ్వాలుని ఊరికే అన్నిసార్లు అటూ ఇటూ మార్చే మనిషి భూమి మీద ఉండడు. ఎడమ భుజానికి పోతే జజియా మీదకొస్తోంది. కుడి భుజానికి పోతే వెనక్కి తగ్గుతోంది. మెడకి చుడితే పక్కకి తిరుగుతోంది. దెబ్బలు ఇచ్చిపుచ్చుకోవడం అయిన ప్రతిసారీ ఆ అమ్మాయి కళ్ళు, పరీక్షలో పక్కవాడి కాగితం మీదకి పోయినట్టు, ఒక్క క్షణం మూలకి పోయి వస్తున్నాయి.

దేవుడు ఆ పిల్లకి కళ్ళిస్తే, ఈ పెద్దమనిషి తీసుకెళ్ళి వాటిని తువ్వాలుకి కట్టేశాడు. బెనౌదాకి అసహ్యం వేసింది. ఒకడు నోటితో చెడగొడతాడు, ఇంకొకడు నోరు మూసుకుని చెడగొడతాడు. రిఫరీకి చెప్పొచ్చు. కానీ చెబితే తువ్వాలు ఆగుతుంది, దాంతోపాటు ఆ చూపూ ఆగుతుంది. ఆ చూపు ఆగకూడదు. కుడి, ఎడమ, మెడ అనుకుంటూ రౌండంతా తువ్వాలునే కాపలా కాశాడు. చివర్లో ఖైరా కుడి చెయ్యి రెండుసార్లు శుభ్రంగా తగిలి హాలంతా ఊగిపోయింది. ఆ అరుపులు విన్నాడే గాని తల తిప్పలేదు.

గంట. రెండో రౌండు ఖైరాదని బోర్డు మీద పడింది. ఇంక జట్టులో చోటు తేలాల్సింది మూడో రౌండులోనే.

రెద్వాన్ తాళ్ళు దాటి లోపలికి ఉరికాడు. "చూశావా! నేను చెప్పలా! సింహానివని చెప్పలా! ఇప్పుడేం చేస్తావంటే, ముందు..."

బెనౌదా మెడ మీద నీళ్ళు పిండుతూ, తాళ్ళ మధ్యకి తల దూర్చి, ఖైరా మెడ వెనక మెల్లిగా అన్నాడు. "వాళ్ళ కోచ్ తువ్వాలు మార్చినప్పుడల్లా అది మూలకి చూస్తోంది. చూసినప్పుడు కొట్టు. కుడి చెయ్యి."

"బాబాయ్! మాటలు నావని చెప్పానా లేదా?" అని రెద్వాన్ కళ్ళెర్రజేశాడు.

బెనౌదా తల వెనక్కి తీసుకున్నాడు. ఖైరా తల ఊపింది. రెద్వాన్ తనకే అనుకుని మురిసిపోయాడు. బెనౌదా లోపల్లోపల నవ్వుకున్నాడు.

మూడో రౌండులో జరిగింది ఒరాన్‌లో ఇంకా చెప్పుకుంటున్నారు. తువ్వాలు కుడి భుజానికి పోయింది, జజియా కళ్ళు అటు పోయాయి, ఖైరా కుడి చెయ్యి దిగింది. తువ్వాలు ఎడమకి పోయింది, మళ్ళీ దిగింది. తన పిల్ల దెబ్బలు తింటోందని ఆ లావుపాటి మనిషికి కంగారెత్తింది. కంగారులో ఇంకా ఎక్కువ సలహాలిచ్చాడు. సలహాలు పెరిగినకొద్దీ ఆ పిల్ల ఇంకా ఎక్కువసార్లు చూసింది, ఇంకా ఎక్కువ తింది. నిమిషం మిగిలి ఉండగా సంగతి అర్థమై తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చున్నాడు. పాపం, జజియా ఇంకా చూస్తూనే ఉంది.

జడ్జీల్లో నలుగురు ఖైరా వైపు, ఒకడు అటు. రిఫరీ ఖైరా చెయ్యి పైకెత్తాడు. రెద్వాన్ ఆమెని నడుం పట్టుకుని ఎత్తేశాడు. ఫోటోలు తీస్తున్నారు. పత్రికవాడొకడు అడిగాడు, "ఆఖరి నిమిషంలో ఏం చెప్పారు?"

"దీని వెనక పెద్ద వ్యూహం ఉంది," అన్నాడు రెద్వాన్. "దాన్ని రెండు ముక్కల్లో చెప్పడం కష్టం. అయినా క్లుప్తంగా చెప్పాలంటే, సింహానివన్నాను."

బెనౌదా తువ్వాలు పిండి భుజాన వేసుకుని అక్కణ్ణించి వచ్చేశాడు. ఆ కోతలు విన్నా ఆవేళ కోపం రాలేదు. ఫోటో వాడికి పోనీ. పేరూ పోనీ. తెలియాల్సిన పిల్లకి తెలుసు, అది చాలు. మూడు రోజుల తరవాత మొదటిసారి ఆకలేసింది.

బట్టలు మార్చుకునే గదిలో ఖైరా బల్ల మీద కూర్చుని చేతులు చాపింది. బెనౌదా కత్తెర తీసి ఆమె చేతి పట్టీలు కోస్తున్నాడు. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అడగనిది, నోరు ఆగక, ఆ రోజు అడిగాడు.

"పనికొచ్చిందిగా, చెప్పింది?"

"ఎవరు చెప్పింది? సింహమా?"

"వాడి మొహం. నేను చెప్పిందే. తువ్వాలు సంగతి."

"నువ్వెప్పుడు చెప్పావు?"

కత్తెర ఆగింది. "మూడో రౌండుకి ముందు. మెడ మీద నీళ్ళు పోస్తూ చెప్పలా?"

"అదా!" ఖైరా నవ్వేసింది. "ఈ తల గార్డు చెవులకి అడ్డం, ఎదురుగా ఆయన గోల. వెనక ఏదో గొణుగుతుంటే ఖురాన్ సూరా చదువుతున్నావనుకున్నా బాబాయ్. నేను మనసులో ఆమీన్ కూడా అన్నా."

"మరి తల ఎందుకు ఊపావు?"

"ఊపితే ఆయన ఆపుతాడేమోనని."

బెనౌదా పట్టీ ముక్కలు ఏరి బకెట్లో వేశాడు. "మరి అది పక్కకి చూసినప్పుడే కొట్టాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మొదటి రౌండులోనే కనిపించింది. ఎందుకు చూస్తోందో తెలియలేదు, తెలిసి నాకేం పని. రెండో రౌండు చివర రెండుసార్లు కొట్టి చూశా. రెండూ తగిలాయి. నువ్వు చూశావుగా?"

"చూశా."

ఖైరా అతని మొహంలోకి చూసింది. సరిగ్గా చూడమని ఎనిమిదేళ్ళు అతనే నేర్పాడు మరి.

"చూళ్ళేదు," అంది. "తువ్వాలే చూస్తూ కూర్చున్నావు నువ్వు కూడా. కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా బాబాయ్?"

బెనౌదాకి సిగ్గేసింది. ఆ సిగ్గుని మించి సంతోషంతో కడుపు నిండిపోయింది. రెండో చెయ్యి పట్టుకుని పట్టీ కొయ్యడం మొదలెట్టాడు. ఆ పిల్ల జట్టులోకి పోతోంది. అక్కడి మూలలో ఎవడు ఏం కూసినా ఆమెకేం కాదు. ఈ ఒక్క సంగతి అతనికి ఆ గదిలో నిక్కచ్చిగా తెలిసింది.

ఆదివారం పొద్దున సెలూన్ తెరిచేసరికి గుమ్మంలో నలుగురున్నారు. మొదటివాడు కుర్చీలో కూర్చుంటూనే, "బెనౌదా, నిజం చెప్పు. ఆ నిమిషంలో ఖైరాకి ఏం చెప్పావు?" అన్నాడు.

బెనౌదా బ్రష్‌తో నురగ చేశాడు. నీళ్ళు మాత్రమే ఇచ్చానని చెబుదామనుకున్నాడు. నోరు మాత్రం వేరే దారి పట్టింది. "ఎదుటి కోచ్ భుజాన తువ్వాలుంది చూశావా..." అని మొదలెట్టాడు.

మధ్యాహ్నం నమాజుకి అజాన్ అయ్యేలోగా ఆ కథ ఐదుసార్లు చెప్పాడు. ఐదోసారి చెప్పేటప్పటికి, కథలో ఖైరా వెనక్కి తిరిగి "సరే బాబాయ్" అని కూడా అంది.