సొన కాల్చిన చేతులు

సేవ చేయడానికి వచ్చిన మనిషికి సిఫార్సు ఎందుకు కావలసి వచ్చింది? విజయవాడ వచ్చి స్వచ్ఛంద సంస్థలో చేరిన ఈ ఎనిమిది నెలల్లో తబితా ఈ ప్రశ్న వేయని సీనియరు లేరు. జవాబు చెప్పినవారూ లేరు. నలుగురితో పరిచయాలు పెంచుకోమన్నారు, అంతే.

ఆ మిట్టమధ్యాహ్నం నూజివీడు అవతల మామిడి షెడ్డులో, ఎండకు కాగిన రేకుల కింద, ఆమె చూపు ఫోనుకే అతుక్కుపోయింది. అందులో మౌనిక నవ్వుతోంది, సంస్థ డైరెక్టరు గారి పక్కన. ఇద్దరూ కలిసే సోషల్ వర్కు చదివారు, ఒకే నెలలో నగరానికి వచ్చారు, ఒకే హాస్టలు గదిలో ఉంటున్నారు. బస్సులు మారి షెడ్లన్నీ తిరిగేది తబితా. ఆదివారం సమావేశాల్లో పెద్దవాళ్ళ ఫోను నంబర్లు పోగుచేసేది మౌనిక. మామిళ్ళ కాలంలో ఈ ప్రాంతంలో ఏ విన్నపమూ వట్టిచేతులతో గడప దాటదు. వెంట చిన్నరసాల పెట్టె వెళ్ళాలి. చింతలపూడిలో పుట్టిపెరిగిన తబితా ఆ ఆచారాన్ని ఈసడించుకుంది. మౌనిక నాలుగు పెట్టెలు పంపింది. ఉన్న ఒక్క పర్మినెంటు ఉద్యోగం ఎవరిదో శనివారం సభలో తేలుతుంది.

ఎదుటివారి మేలు చూసి కళ్ళలో నిప్పులు పోసుకోరాదని తబితా చిన్నప్పుడు చర్చిలో ఎన్నోసార్లు విన్నది. విన్నంత మాత్రాన నిప్పులు చల్లారవు.

పెట్టెకు బదులు ఆమె సభకు రెండు చేతులను పట్టుకుపోదలచింది. కాయలు ఏరే సరోజ చేతులు. ముచ్చిక తుంచగానే చిమ్మే సొన పదేళ్ళుగా వాటిని కాలుస్తోంది. వేళ్ళ సందుల్లో తోలు నల్లబడి చిట్లింది. రోజుకు నాలుగు వందల కూలి. తొడుగులు ఇవ్వరు.

కారు పంపిస్తానని, వేదిక మీద చేతులు చూపిస్తే చాలని, ఆ రోజు కూలి తానే ఇస్తానని తబితా నచ్చజెప్పింది. సరోజ తల ఎత్తకుండానే విన్నది.

"పోయిన నెల్లో ఒకామె వచ్చి ఫొటోలు తీసుకెళ్ళిందండీ. మీ గదిలోనే ఉంటదంట, మౌనికంట. మందు పంపిస్తానంది."

తబితా ముందుకు వంగింది. "ఎన్ని తీసింది? ఎవరికి చూపిస్తానంది, సరోజక్కా?"

సరోజ చేతిలో కాయ ఆగిపోయింది. "మందొచ్చిందా అని అడగలేదేంటి తబితమ్మా?"

పక్క వరసలో తులసమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాపం, ఈమె చూసుకున్న కాయని ఆమె కోసుకుపోయిందే."

తన సంగతి వేరని తబితా చెప్పబోయింది. ఎత్తుకున్న ప్రతి వాక్యమూ 'నేను' అనే మొదలవుతోందని ఆమెకే వినిపించి, ఆగిపోయింది.

"నేను రానండి," అంది సరోజ, గొంతు పెంచకుండా. "కూర కలిపితే చెయ్యి మండి చెంచాతో తింటన్నా. అది చూడాలంటే మీ డైరెక్టరు గారినే రమ్మనండి. వస్తే నా పక్కన కూర్చుని ఓ గంట కాయలు ఏరమనండి."

శనివారం సభలో ఆ చేతులు తెర మీద కనిపించాయి, గోడంత పెద్దవిగా. ఫొటోలు మౌనికవి. ఉద్యోగమూ మౌనికదేనని ప్రకటించారు. మూడో వరసలో తబితా లేచి నిలబడింది. అడగవలసిన మాట నాలుక మీదే ఉంది. అడిగితే అసూయ అంటారు; ఆ అనడంలో అబద్ధమూ ఉండదు. ఆమె పెదవులు కదలలేదు, ఆమె కూర్చోనూ లేదు.

ఆ హాలులో కుర్చీలన్నీ చదువుకున్నవారివే. అంటే మీవే. చప్పట్లు ఆపండి. సరోజకు మందు చేరిందా అని మీరు అడగండి.