ఎడ్విన్ గారు వద్దన్న ఏడుపు

కెనడాలోని విన్నిపెగ్‌లో ఇషితా, ఇంకో ముగ్గురు స్టూడెంట్లూ అద్దెకుంటున్న బేస్‌మెంట్ పైన ఇంటి ఓనరు ఎడ్విన్ గారు ఉండేవారు. ఇంగ్లండులో నలభై ఏళ్లు స్టేజీ మీద జనాన్ని నవ్వించి, రేడియోకి హాస్యనాటికలు రాసి, భార్య ఊరని ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనిషి. వచ్చిన కొత్తలో దిగులుతో అన్నం మానేసిన ఇషితను తన జోకులతో మళ్లీ మనిషిని చేసింది ఆయనే. మొన్న నిద్రలోనే పోయారు.

"అమ్మా, ఎవరూ ఏడవకూడదని ఆయన ముందే చెప్పారు. తలా ఒక జోకు చెప్పాలి," అంది ఇషిత చర్చి ముందు.

"శవం దగ్గర నవ్వులేంటే? మనకేమన్నా చుట్టుకుంటే?" కూతుర్ని చూడ్డానికొచ్చిన దగ్గర్నుంచీ ఈశ్వరమ్మకు అన్నీ భయాలే.

లోపల ఒక్కొక్కరే లేచి చెబుతుంటే అందరూ నవ్వుతున్నారు. ఇషిత వంతు వచ్చింది. రెండు ముక్కలు చెప్పేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగి, మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు పిల్ల ఏడ్చిందంటే పెద్దాయన ఆఖరి కోరిక తీరదు.

ఈశ్వరమ్మకు ఇంగ్లీషు రాదు. జోకు ఇంకా సగంలోనే ఉందని తెలియక, కూతురి కోసం భయం పక్కనబెట్టి గట్టిగా నవ్వేసింది. అందరూ ఆమె వైపు తిరిగి పగలబడి నవ్వారు. ఇషితకూ నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని జోకు చివరిదాకా చెప్పేసింది.

ఈశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కనబడినప్పుడల్లా తనకు వంగి వంగి దండం పెట్టిన మనిషి, పెట్టెలో కదలకుండా పడుకుని ఉన్నాడు. ఆమె భుజాలు అదురుతుంటే, ఇంకా నవ్వు ఆపుకోలేకపోతోందనుకుని పక్కావిడ వీపు తట్టింది.