పుట్టువెంట్రుకల చుట్టరికం

కొండల మీది యానాపంపా ఊళ్లో మేయరు ఎరాస్మోని తిట్టని నోరు లేదు, అతని మీద సంతకం పెట్టే చెయ్యీ లేదు. కొండ చెరువు నీళ్లన్నీ తన చేపల మడుగులకు మళ్లించుకున్నాడు మహానుభావుడు. పైమిట్ట పచ్చిక ఎండి పెళుసెక్కింది. ఆ పచ్చిక మేసి ఉన్నినిచ్చే అల్పాకాల మంద తప్ప బెనితాకు మరో ఆధారం లేదు. మొగుడు పోయాక ఆ ఉన్నితోనే ఇల్లు నడుస్తోంది. ఈ ఏడాది మందలో పుట్టిన పిల్లలు తల్లుల దగ్గర పాలు లేక ఆవిడ కళ్లముందే చచ్చిపోతున్నాయి.

గెలిపించినవాణ్ణి గడువు తీరకముందే దించే దారి చట్టంలో ఉంది. ఓటర్లలో పావువంతు మంది సంతకాలు పెడితే, ఉండాలా పోవాలా అని మళ్లీ ఓటింగు పెడతారు. ఒక పదవీకాలంలో ఒక్కసారే ఆ అవకాశం. బెనితా కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

"పెట్టనని కాదక్కా," అంది సతుర్నీనా గుమ్మంలోనే నిలబడి. "మా పిల్లదానికి పుట్టువెంట్రుకలు తీసింది ఆయనే కదా. దాంతో మాకు చుట్టం, కొంపాద్రే అయ్యాడు. కొంపాద్రే మీద సంతకం పెడితే కళ్లు పోతాయి."

అక్కడే ఉంది కిటుకంతా. ఆ కొండల్లో బిడ్డ తొలి జుట్టు మీద కత్తెర వేసినవాడు తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. ఎరాస్మో ఎన్నికల ముందు ఊళ్లో సగం మంది పిల్లల తలలమీద కత్తెర ఆడించి, ఇంటికో అల్పాకా పిల్లను సంతలో కొని కానుకగా తోలాడు. ఓటంటే చాటుగా వేసేది, సంతకం పదిమందికీ కనబడేది.

"మరి ఆ చుట్టరికం తెగే దారే లేదంటావా?"

"కానుక తిరిగిచ్చేస్తే చెల్లుకు చెల్లు. ఎక్కణ్ణుంచి తెచ్చేది? పోయినేడే కోసుకు తిన్నాం!"

బెనితా తన దొడ్డి ముందు కూలబడి ఏడ్చింది. నీళ్లొస్తే మంద మళ్లీ పెరుగుతుంది, రాకపోతే ఎలాగూ చస్తుంది. మర్నాడు ఒకదాన్ని తోలుకెళ్లి తాడు సతుర్నీనా చేతిలో పెట్టింది.

"ఇదుగో నీ కానుక. ఆయన మొహాన కొట్టి వచ్చి సంతకం పెట్టు."

"నీకేమన్నా పిచ్చా?"

"పిచ్చే. నడు."

కబురు గుప్పుమంది. ఇంటికొకటి చొప్పున మంద తరిగిపోయింది. ఎరాస్మో గేటు దగ్గర నిలబడి ప్రతిదాన్నీ నవ్వుతూ లోపలికి తోలించుకున్నాడు. ఆఖరికి బెనితా దొడ్డిలో ఒక చూలుది మిగిలింది, ఒక్క సంతకం తగ్గింది.

"చూలుదాన్ని వద్దు తల్లీ, పాపం తగులుతుంది," అన్నాడు ముసలి తెయొదోసియో.

"తీసుకో తాతా, నా మనసు మారకముందే."

ముసలాయన దాన్ని తోలి వచ్చి వేలిముద్ర వేశాడు. సంతకాలన్నీ చెల్లాయి, ఓటింగు తేదీ పడింది. చాలా రోజుల తర్వాత బెనితాకు తిండి సయించింది.

కానీ ఎరాస్మో దొడ్డిలో ఊరికే వచ్చిపడ్డ మంద ఆకలికి ఊరుకోవడం లేదు. దానికి మేత కావాలి, మేత కావాలంటే పైమిట్ట తడవాలి. ఇంతమంది ఏడ్చినా కరగనివాడు, సొంత మంద ఏర్పడేసరికి మడుగుల కాలువ మూయించి నీళ్లను పైమిట్టకు వదిలాడు.

"నీళ్లొచ్చాయిగా అక్కా, ఇంకెందుకీ రచ్చ?" అంది సతుర్నీనా సంతలో. "పైగా మా చిన్నోడి జుట్టూ తనే తీస్తాడట. ఇంకో అల్పాకా పిల్లనిస్తానన్నాడు."

"ఆ మంద నాదే!"

"నువ్వే ఇచ్చేశావుగా."

ఓటింగులో ఎరాస్మో నిలిచాడు. గడువు తీరేదాకా ఇక అతన్ని కదిలించే దారి లేదు.

మర్నాడు బెనితా పైమిట్ట ఎక్కింది. పచ్చిక కాళ్లకింద తడితడిగా ఉంది. ఆవిణ్ణి చూడగానే మందంతా మేత వదిలి వచ్చి చుట్టూ మూగింది. చూలుది ఈనింది కాబోలు, వెనకాల తడబడుతూ దాని పిల్ల.

"దూరంగా పోమ్మా," అరిచాడు మేయరు కాపరి. "నువ్వుంటే అవి మేత ముట్టవు."

పిల్ల తల నిమరబోయి బెనితా చెయ్యి వెనక్కి తీసుకుంది. "పొండే, పొయ్యి మెయ్యండి," అంటూ మట్టిగడ్డ విసిరింది. అవి కదల్లేదు. ఏడుస్తూనే ఇంకో గడ్డ తీసి, ఈసారి తగిలేలా విసిరింది.