డబ్బాలో మారిన చాక్లెట్లు

నాకు ముక్కు మీద కోపం. దానికి షుగర్ పడిపోవడం కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఆ రోజు పెద్దమ్మ మీద అరిచినప్పుడు అది నా మామూలు కోపమే అనుకున్నాను.

మాది బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. నా పని కటింగ్ బల్ల దగ్గర. అరవై పొరల గుడ్డను కరెంటు కత్తితో ఒకేసారి కోయాలి. ఎదుటివైపు పెద్దమ్మ గుడ్డ సర్ది పెడుతుంది. నాకు వరసకి ఏమీ కాదు, హాలంతా ఆమెను అలాగే పిలుస్తారు. కత్తి కదిపే ముందు నేను "చేతులు!" అనాలి. ఆమె "తీశా!" అనాలి. ఆ జవాబు వినపడందే కత్తి కదలకూడదు. ఇది మా బల్ల కట్టుబాటు.

నాకు పదకొండో ఏట నుంచీ టైప్ వన్ డయాబెటిస్. ఇన్సులిన్ పొడుచుకోనిదే రోజు గడవదు. ఇదివరకు పనిచేసిన చోట ఒకసారి కళ్ళు తిరిగి పడ్డాను. మర్నాడే నన్ను దారాలు కత్తిరించే మూలకి నెట్టేశారు. అక్కడ రెండేళ్ళు మగ్గాను. చేతిలో పనితనం ఉండి కూడా! అందుకే ఇక్కడ నోరు మెదపలేదు. సొరుగులో ఒక రేకు డబ్బా, దాని నిండా నిమ్మ చాక్లెట్లు. షుగర్ పడిపోయి వణుకు మొదలైతే నాలుగు నమిలేసి, పావుగంటలో తేరుకునేదాన్ని. మా పని చూసే కటింగ్ మాస్టర్ కంటపడకుండా ఏడాదిన్నర అలాగే నెట్టుకొచ్చాను. సూది పొడుచుకుంటుండగా బాత్రూంలో చూసింది పెద్దమ్మ ఒక్కతే.

"షుగరా తల్లీ?" అంది జాలిగా.

"ఊఁ. ఎవరికీ చెప్పకు" అన్నాను. అంతకు మించి వివరించే ఓపిక నాకెక్కడిది?

ఆ రోజు ఆర్డరు తొందరలో భోజనాన్ని గంటసేపు ఆలస్యం చేశారు. ఒళ్ళంతా చెమట పట్టింది. పెదవులు మొద్దుబారాయి. నాలుగు చాక్లెట్లు నోట్లో వేసుకున్నాను. పావుగంటైనా తగ్గలేదు. ఇంకో రెండు వేసుకున్నాను. గుడ్డ మీది గీతలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఆపాలని తెలుసు. ఆపితే మాస్టర్ ఎందుకని అడుగుతాడు. ఈ ఒక్క చొక్కా చేయి కోసేసి ఆపుదాం అనుకున్నాను.

"సరిగ్గా సర్దవేం? కళ్ళు నెత్తికెక్కాయా?" అని పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆమె నొచ్చుకుని గుడ్డ సర్దబోయింది. నేను "చేతులు!" అన్నానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. కత్తి మాత్రం కదిలింది.

"అమ్మాయ్!"

పెద్దమ్మ వేసిన ఆ కేకకి నా వేలు స్విచ్చి మీద నుంచి జారింది. కత్తి ఆమె బొటనవేలికి అంగుళం దూరంలో ఆగింది. అంగుళం కూడా లేదేమో. నేను ఉన్నచోటే కూలబడ్డాను.

మాస్టర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?"

అబద్ధం అల్లడానికి కూడా బుర్ర పనిచేయలేదు. "నాకు టైప్ వన్... షుగర్ పడిపోయింది. పంచదార..." అన్నాను. ఆయన టీ గదిలోంచి గ్లాసుడు పంచదార నీళ్ళు కలుపుకొచ్చి దగ్గరుండి తాగించాడు. షుగర్ మీటరు తీసి చూసుకుంటే యాభై రెండు. మరో పావుగంటకి ఎనభై నాలుగు.

తల కుదుటపడ్డాక డబ్బా తెరిచి చాక్లెట్ కాగితం మీది అక్షరాలు చదివాను. కాగితం రంగు అదే, కానీ పంచదార లేనివట.

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "నేనే మార్చా తల్లీ. షుగరున్న పిల్ల చాటుగా తీపి తింటోంది, చెప్తే వినే రకం కాదు అనుకుని... మందుల షాపులో అడిగి మరీ తెచ్చా."

ఆమెనేం అనగలను? జబ్బు దాచింది నేను. ఆపాలని తెలిసీ కత్తి నడిపిందీ నేనే.

మాస్టర్ కత్తి ప్లగ్గు పీకేశాడు. "ఇవాళ నువ్వు బల్ల ముట్టుకోవద్దు. రేపు డాక్టరు చీటీ తీసుకురా. ఇలా అయితే ఏం చెయ్యాలో హాల్లో అందరికీ నేర్పు. అప్పుడే కత్తి ఇస్తా."

"అంటే... నన్ను మూలకి పంపరా?"

"కటింగ్ వచ్చినవాళ్ళు నాకు ఊరికే దొరుకుతారా?" అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఏడాదిన్నరగా భయపడి చచ్చింది ఈ మాటకోసమా అని నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పెద్దమ్మ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"మా ఆయనా సూదులే వేసుకునేవాడు" అంది. "ఆఖరి రోజు ఇలాగే చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. ఎన్నడూ లేనిది నన్ను తిట్టాడు. కాస్త పంచదార పెట్టవే అని బతిమాలాడు. నేను పెట్టలేదు తల్లీ. ఆయన మంచికే అనుకున్నా. పెట్టుంటే బతికేవాడా?"

కాదు, ఆయన సంగతి వేరు అనేద్దామని నోటిదాకా వచ్చింది. అలాంటి కల్లలు నాకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"బతికేవాడేమో పెద్దమ్మా" అన్నాను. "నీకెవరూ చెప్పలేదు. అంతే."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఆమెను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, ఓదార్చడం నాకు చేతకాదు. భోజనం గంట మోగింది. అందరూ మమ్మల్ని చూస్తూ వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆమే ముఖం తుడుచుకుని నా చెయ్యి పట్టి లేపింది.

"లే, ముందు నువ్వు తిను. మళ్ళీ షుగర్ పడిపోతుంది."